వేసవి నిల్వలు: నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం

వేసవిలో చేతికొచ్చే కాయను, పండును, కూరగాయను ఏడాది పొడవునా తినేలా ఇంట్లోనే దాచిపెట్టుకునే పనులన్నిటికీ కలిపి వేసవి నిల్వలు అని పేరు. నిజామాబాద్ పట్టణంలోనూ, దానికి పడమర పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న బోధన్ చుట్టుపక్కల చెరకు ఊళ్లలోనూ ఈ పని నాలుగు దారుల్లో సాగుతుంది. ఉప్పు, కారం, నూనెల్లో ఊరబెట్టేది తొక్కు. ఎండలో ఆరబెట్టేది ఒరుగు. చక్కెర పాకంలోనో బెల్లం పాకంలోనో మగ్గబెట్టేది మురబ్బా. గాజు సీసాలో నింపి, మూత పెట్టి, మరిగే నీళ్లలో ఉడికించేది క్యానింగ్. మొదటి మూడూ తరాల నాటివి. నాలుగోది ఇక్కడి ఇళ్లకు కొత్తది, ఇంకా అరుదు. ఐరోపా, అమెరికా ఇళ్లలో వేసవి పంటను దాచడమంటే ప్రధానంగా ఈ నాలుగోదే. ఇక్కడ ఆ బరువంతా ఎండా, ఉప్పూ మోశాయి. ఎందుకు మోయగలిగాయో, సీసా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రమాదమో తెలియాలంటే ముందు ఈ నేలను చూడాలి.

నేల, నీరు, ఎండ

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. ఉమ్మడి జిల్లాను 2016 అక్టోబరు 11న విడదీసినప్పుడు కామారెడ్డి వేరే జిల్లా అయింది కానీ, సంతలకూ సరుకులకూ ఆ గీత పెద్దగా పట్టలేదు. మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. దాని రూపకర్త ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్లు బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ వైపు పారాకే వరి, చెరకు స్థిరపడ్డాయి. 1937లో బోధన్ దగ్గర నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ పుట్టిన ఊరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారం కూడా నడవడం లేదు. అందుకే ‘చెరకు ప్రాంతం’ అనే మాట ఇవాళ సగం పంటను, సగం జ్ఞాపకాన్ని చెబుతుంది. కొంత చెరకు ఇంకా ఉంది. మిగతా నేలలో వరి, సోయా వచ్చి చేరాయి.

తూర్పున, ఉత్తరాన ఆర్మూర్, బాల్కొండ వైపు కథ వేరు. అక్కడ పసుపు, ఎర్రజొన్న, మక్క. అటువైపే గోదావరి మీద శ్రీరామ్‌సాగర్ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి దగ్గర మూడో నదిగా చెప్పుకునే వాగు పేరు హరిద్ర. హరిద్ర అంటే పసుపే. పసుపు పండే సీమలో నదికి కూడా ఆ పేరే ఉండటం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

మనుషుల కలగలుపు కూడా ఈ వంటింటిని తీర్చిదిద్దింది. బోధన్‌కు మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు బంధుత్వాలు, రాకపోకలు ఉన్న మరాఠీ ఇళ్లు ఊరూరా కనిపిస్తాయి. పట్టణంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నిజాంసాగర్ ఆయకట్టు కింద సాగు కోసం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. ఒకే మామిడికాయ ఈ ఇళ్లలో నాలుగు రుచులుగా మారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎండ. మే నెలలో నిజామాబాద్‌లో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం మామూలే. తెలంగాణలో అత్యధిక వేడి నమోదయ్యే చోట్లలో ఇదొకటి. పగటి గాలిలో తేమ బాగా పడిపోతుంది. సముద్రతీరపు తేమ గాలిలో ముక్క నెమ్మదిగా ఆరుతుంది. ఇక్కడి పొడి గాలి ముక్క లోపలి నీటిని కూడా లాగేస్తుంది. ఇదే పట్టణానికి పసుపు వ్యాపారాన్ని, ఆమ్‌చూర్ వ్యాపారాన్ని తెచ్చిపెట్టింది. ఇళ్ల మిద్దెల మీద ఒరుగులు ఆరడానికీ ఇదే కారణం.

తొక్కు

కోస్తాలో పచ్చడి, ఊరగాయ అనేదాన్ని ఇక్కడ తొక్కు అంటారు. రోట్లో తొక్కి చేసేది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. చింతకాయ తొక్కు, పుంటికూర తొక్కు, టమాట తొక్కు, ఉసిరి తొక్కు, అన్నిటి మీదా మామిడి తొక్కు. పుంటికూర అంటే కోస్తావాళ్ల గోంగూర. ఇందులో చింతకాయ, ఉసిరి చలికాలం సరుకు. వేసవి పనంటే ఉగాది తర్వాత మొదలై రోహిణి కార్తె లోపు ముగిసే మామిడి పనే.

కాయ ఎంపికలోనే సగం నిల్వ ఉంది. పులుపు గట్టిగా ఉన్న నాటుకాయ కావాలి. లోపల టెంక ముదిరి, పండడం మొదలు కాకుండా ఉండాలి. లేత కాయలో టెంక ఉండదు, ముక్క నూనెలో మెత్తబడిపోతుంది. పండుబారిన కాయలో పులుపు తగ్గుతుంది. టెంక ముక్కకు అంటుకుని ఉంటేనే ఏడాది దాకా ముక్క విరగకుండా నిలుస్తుంది. రైతు బజారులోనో శ్రద్ధానంద్ గంజ్ మార్కెట్ బయటనో కాయలు కొనగానే పక్కనే కత్తిపీట వేసుకుని కూర్చున్నవాళ్ల దగ్గర ముక్కలు కొట్టిస్తారు. చెక్కదిమ్మకు ఒక వైపు బిగించిన బరువైన కత్తి అది. కాయను నిలువునా పెట్టి ఒక్క వేటు వేస్తే టెంకతో సహా రెండు చెక్కలవుతుంది. జీడి ఊడి పక్కన పడుతుంది. ఇంటికి తెచ్చాక అసలు ఓపిక కావాలి. ప్రతి ముక్కనూ చేతిలోకి తీసుకుని, టెంక లోపలి పల్చటి పొరను గోటితో లాగేసి, పొడిబట్టతో తుడవాలి. ఒక్క ముక్క తడిగా ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుందని పెద్దవాళ్లు పిల్లల్ని హెచ్చరించేది ఇక్కడే. ఆ హెచ్చరికలో అక్షరం కూడా అతిశయోక్తి లేదు.

తర్వాత పాళ్లు. కిలో ముక్కకు దాదాపు 150 గ్రాముల ఉప్పు, అంతకు కాస్త తక్కువగా కారప్పొడి, ఆవపిండి, కొద్దిగా మెంతిపిండి, జీలకర్రపొడి, పసుపు. తెలంగాణ తొక్కుకు గుర్తు అల్లం-ఎల్లిగడ్డ ముద్ద. నూనెను కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టి, పూర్తిగా చల్లారాక కలుపుతారు. క్యాంపు ఊళ్లలోని ఆవకాయలో అల్లం ముద్ద ఉండదు. పొట్టు తీసిన ఎల్లిపాయ రెబ్బలను అలాగే వేస్తారు, నువ్వుల నూనెను కాచకుండా పచ్చిగానే పోస్తారు. ఇరుగుపొరుగు జాడీలు మారి మారి ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు రకాలూ పెట్టేవాళ్లున్నారు. కారం విషయంలో ధర్మాబాద్ మిరపకు ఇక్కడ ప్రత్యేకమైన గౌరవం. వేసవికి ముందే ఎండుమిర్చి కొని, తొడిమలు తీసి, గిర్నీలో పట్టించి పెట్టుకుంటారు.

కలిపినదాన్ని జాడీలోకి ఎత్తి, పైన నూనె తేలేలా చూసి, మూతి మీద తెల్లటి బట్ట కప్పి దారంతో వాసెన కడతారు. మూడో రోజు వాసెన విప్పి, పొడి గరిటెతో అడుగు నుంచి పైకి కలిపి, ఉప్పు చూసి, నూనె తక్కువైతే మళ్లీ పోస్తారు. పింగాణి జాడీని ఉర్దూ ఇళ్లలో మర్తబాన్ అంటారు. బర్మా తీరంలోని మర్తబాన్ రేవు నుంచి ఒకప్పుడు ఓడల్లో వచ్చిన మెరుగుపూత జాడీల వల్ల ఆ పేరు పుట్టింది. ఇనుప పాత్రలో తొక్కు పెట్టరు, పులుపూ ఉప్పూ కలిసి లోహాన్ని తినేస్తాయి.

ఈ పాళ్లు అనుభవంతో వచ్చినవే అయినా లెక్క కడితే ఆశ్చర్యం కలిగేంత సరిగ్గా ఉంటాయి. కిలో పచ్చి మామిడిలో దాదాపు 800 గ్రాములకు పైన నీరే. అందులో 150 గ్రాముల ఉప్పు కరిగితే ఆ నీరు 15 శాతం ఉప్పునీరు అవుతుంది. ఆహారాన్ని విషంగా మార్చే బాక్టీరియాల్లో అత్యంత భయంకరమైన క్లాస్ట్రిడియం బోట్యులినమ్ పెరుగుదల 10 శాతం ఉప్పునీటిలోనే ఆగిపోతుంది. దానికి తోడు కాయ పులుపు, ఆవపిండి ఘాటు, గాలిని అడ్డుకుని బూజును ఆపే నూనె. ఒక కాపలాదారు నిద్రపోయినా ఇంకొకరు మేలుకుని ఉండే ఇల్లు లాంటిది తొక్కు జాడీ. రక్తపోటు భయంతో ఉప్పును సగానికి తగ్గించి పెట్టిన తొక్కు ఇక ఏడాది తొక్కు కాదు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి నెల, రెండు నెలల్లో తినేయాలి. ఉప్పు తగ్గించాలనుకునేవారు తినే తొక్కును తగ్గించుకోవడం మేలు.

ఒరుగు, ఆమ్‌చూర్, పసుపు

మార్చి, ఏప్రిల్ నెలల్లో రాళ్లవాన పడితే తోటల్లో పిందెలు, పచ్చికాయలు రాశులుగా రాలిపోతాయి. ఆ కాయ పండుకు పనికిరాదు. తొక్కుకు సరిపడా టెంకా ముదరలేదు. అలాంటి కాయకు దొరికిన దారే ఒరుగు. చెక్కు తీసి, పలుచగా కోసి, కొందరు ఉప్పు, పసుపు చల్లి, కొందరు ఏమీ చల్లకుండా, చాపల మీద నాలుగైదు రోజులు ఎండబెడతారు. వంచినప్పుడు ఫట్‌మని విరిగితే ఎండినట్టు. ఆ ముక్కలు వానాకాలంలో పప్పులో పడతాయి. చింతపండు లేని రోజున పులుసుకూ పనికొస్తాయి.

ఇదే పని తోట స్థాయిలో చేస్తే ఆమ్‌చూర్. దేశంలో ఆమ్‌చూర్ కొనుగోళ్లకు పేరున్న మార్కెట్లలో నిజామాబాద్ ఒకటన్న సంగతి ఊళ్లోనే చాలామందికి తెలియదు. వేసవి వచ్చేసరికి చుట్టుపక్కల మామిడి తోటల నుంచి ఎండు మామిడి ముక్కల బస్తాలు శ్రద్ధానంద్ గంజ్‌లోని వ్యవసాయ మార్కెట్‌కు చేరతాయి. అక్కడి నుంచి ఉత్తరాదికి వెళ్లి, పొడిగా మారి, చాట్ మసాలాల్లో, పరాఠాల్లో, ఊరగాయల్లో పులుపు అవుతాయి. తెలుగువాళ్ల వంటింట్లో ఆ పొడికి పెద్దగా చోటు లేదు. మనకు చింతపండు ఉంది కదా. ముక్క రంగును బట్టి ధర. తెల్లగా మెరిసే ముక్కకు ఎక్కువ, నల్లబడినదానికి తక్కువ. కోసిన మామిడి గాలి తగిలి నల్లబడుతుంది, అందుకే కోసిన పూటే ఎర్రటి ఎండలో పరచాలి. మబ్బు పడితే రంగు పోతుంది, వాన చినుకు తగిలితే బూజు పడుతుంది. పది కిలోల కాయలో తొక్క, టెంక, నీరు పోగా మిగిలేది కిలో చిల్లర. ఆ కిలో కోసం తోటలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని చెక్కు తీసేది ఎక్కువగా ఆడకూలీలే. పులుపు రసానికి వాళ్ల వేళ్లు పగిలి ఉంటాయి. మార్కెట్ ధరల పట్టికల్లో ఆ శ్రమకు ప్రత్యేకంగా ఒక గడి ఉండాల్సింది.

పసుపు కూడా నిల్వ కథే. జనవరి నుంచి తవ్విన దుంపలను కాగుల్లో ఉడికించి, రెండు వారాల దాకా ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెడతారు. ఉడికించడం వల్ల దుంప మొలకెత్తదు, పిండి పదార్థం జిగురుగా మారి గట్టిపడుతుంది, రంగు లోపలంతా సమంగా పాకుతుంది. ఆర్మూర్ ప్రాంతంలో కల్లాల మీద పసుపు ఆరే రోజుల్లో రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కూడా ఆ వాసన తెలుస్తుంది. ఈ పంటకు గిట్టుబాటు ధర కోసం సాగిన పోరాటం 2019 లోక్‌సభ ఎన్నికలకు ఎక్కింది. నిజామాబాద్ స్థానంలో 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

ఇళ్ల మిద్దెల మీద ఆరేవి ఇంకా ఎన్నో. గోకరకాయ ఒరుగులు, కాకర ఒరుగులు, వంకాయ ఒరుగులు, మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టే సల్ల మిరపకాయలు, బియ్యప్పిండి వడియాలు, సాబుదాన వడియాలు, మరాఠీ ఇళ్లలో గోధుమపాలతో ఒత్తే కుర్డాయిలు. గోకరకాయ అంటే గోరుచిక్కుడు. కూరగాయ ముక్కల్ని ఎండకు ముందు ఉప్పునీళ్లలో ఒక పొంగు రానివ్వడం చాలా ఇళ్లలో అలవాటు. దాంతో ముక్క రంగు నిలుస్తుంది, త్వరగా ఎండుతుంది. పొద్దున్నే పరచి, పొద్దు వాలకముందే లోపలికి తేవాలి, లేదంటే రాత్రి తేమను తిరిగి పీల్చుకుంటాయి. ఎండిన ఒరుగును వేడి మీద డబ్బాలో పోస్తే మూత లోపల చెమట పట్టి బూజు వస్తుంది. నీడలో చల్లార్చి, డబ్బాలో పోసి, వానాకాలం మధ్యలో ఎండ కనిపించిన రోజు ఒకసారి బయటికి తీసి మళ్లీ ఎండబెడతారు.

టమాట తొక్కు ఈ రెండు దారుల కలయిక. చలికాలం చివర టమాట దిగుబడి పెరిగి ధర పడిపోయినప్పుడు బుట్టల కొద్దీ కొంటారు. ముక్కలు కోసి ఉప్పు, పసుపు వేసి రెండు రోజులు ఊరనిస్తారు. రసం పిండి ముక్కను ఎండబెడతారు, ఆ రసంలోనే చింతపండు నానేసి దాన్నీ ఎండకు పెడతారు. అన్నీ కలిపి రుబ్బి, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా తీసి పోపు వేసుకుంటారు. 2023 జులైలో దేశమంతా కిలో టమాట వంద రూపాయలు దాటి ఇంకా పైకి వెళ్లినప్పుడు, మార్చిలో ఈ తొక్కు పెట్టుకున్న ఇళ్లు ఆ నెలను ఇబ్బంది లేకుండా దాటాయి.

చక్కెర ఊళ్లో తీపి నిల్వ

శక్కర్ అంటేనే చక్కెర. ఆ పేరుతో ఊరు వెలసిన చోట తీపి నిల్వలు వెల్లువెత్తాలి. అలా జరగలేదు. కర్మాగారం చక్కెర చాయ్‌లోకి, మిఠాయిలోకి, దూరపు మార్కెట్లకు వెళ్లింది. వేసవి నిల్వల్లో మాత్రం పులుపూ కారమే పెద్దపీట వేసుకున్నాయి. జొన్నరొట్టెకు, మక్కగట్కకు జతగా కావలసింది తొక్కే. తీపి పక్కనుండే రుచి. ఈ ప్రాంతపు వంటింటి గురించి ఇంతకన్నా నమ్మకంగా చెప్పగల మాట మరొకటి లేదు.

అయినా తీపి నిల్వలు లేకపోలేదు. ఉర్దూ ఇళ్లలో మామిడి మురబ్బా, ఉసిరి మురబ్బా చేస్తారు. మరాఠీ ఇళ్లలో తురిమిన పచ్చి మామిడిని చక్కెర పాకంలో మగ్గబెడితే సాఖరాంబా, బెల్లంతో చేస్తే గుళాంబా. తెలుగు ఇళ్లలో బెల్లం వేసిన మామిడి తొక్కు. క్యాంపు ఊళ్లలో మామిడి గుజ్జును పొరలు పొరలుగా ఎండబెట్టే తాండ్ర. బెల్లానికి కామారెడ్డి పేరున్న చోటు. చెరకు కోతల కాలంలో, నవంబరు నుంచి మార్చి దాకా, గానుగ దగ్గర రసాన్ని మరిగించి, మడ్డి తీసేసి, పాకం ముదిరాక అచ్చుల్లో పోస్తారు. సారా కాచేందుకు వాడతారన్న కారణంగా నల్లబెల్లం మీద ఆంక్షలు వచ్చిన కాలంలో మంచి బెల్లం వండే రైతులు కూడా ఇబ్బంది పడ్డారు.

పాకం పనిచేసే తీరు ఉప్పు పనిచేసే తీరే. చక్కెర నీటిని పట్టేసుకుంటుంది, సూక్ష్మజీవికి తాగడానికి నీరు మిగలదు. మొత్తం బరువులో 65 శాతానికి పైగా చక్కెర చేరేదాకా ఉడికితే మురబ్బా, జామ్ నిలుస్తాయి. తీగపాకం వచ్చిందా అని రెండు వేళ్ల మధ్య లాగి చూడటంలో వంటింటి ఆడవాళ్లు కొలిచేది ఆ అంకెనే. పాకం పలచగా దించితే నాలుగు రోజుల్లో పులిసి నురగ కడుతుంది. బాక్టీరియా పెరగలేని చిక్కటి పాకం మీద కూడా బూజు పెరగగలదు. అందుకే మురబ్బా సీసా మూత, గరిటె రెండూ పొడిగా ఉండాలి.

సీసా, వేడి, మూత

ఆహారాన్ని పాత్రలో బంధించి ఉడికిస్తే చెడిపోదని తొలిసారి పద్ధతిగా చూపినవాడు ఫ్రాన్స్‌కు చెందిన నికొలా అపేర్. సైన్యానికి, ఓడలకు తిండి నిల్వ చేసే దారి కనిపెట్టినందుకు ఫ్రెంచి ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకులు పొంది, 1810లో తన పద్ధతిని పుస్తకంగా ప్రకటించాడు. గాజు సీసాలు, బెండు బిరడాలు, మరిగే నీళ్లు అతని సరంజామా. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. కారణాన్ని పాశ్చర్ అర్ధ శతాబ్దం తర్వాత వివరించాడు. మర మూత ఉన్న సీసాకు అమెరికాలో జాన్ మేసన్ 1858లో పేటెంటు హక్కు పొందాక ఈ పని కర్మాగారం నుంచి ఇంటికి వచ్చింది.

మన వైపు ఇది ఇంటికి రాకపోవడానికి కారణాలు వెతకక్కర్లేదు. అక్కడ చాలాచోట్ల నెలల తరబడి చలి, మంచు. ఎండబెట్టే ఎండ లేదు. ఇక్కడ ఏడాదంతా ఏదో ఒక కూర చేలోంచి వస్తుంది, ఎండ ఖర్చు లేనిది, సీసా ఖరీదైనది. ఇప్పుడు గాజు సీసాలు సులువుగా దొరకడం, తోట నుంచి నేరుగా బుట్టలు తెచ్చుకునే వీలు ఉండటం, విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గర చూసి రావడం వల్ల కొన్ని ఇళ్లు టమాట గుజ్జును, మామిడి గుజ్జును సీసాల్లో పెట్టడం మొదలుపెట్టాయి. ఇక్కడే జాగ్రత్త కావాలి.

క్యానింగ్‌లో దాటకూడని గీత పులుపుది. ఆమ్లతను కొలిచే పి.హెచ్. సూచిక 4.6 కన్నా తక్కువ ఉన్న పదార్థానికి, అంటే పుల్లటిదానికి, మరిగే నీళ్ల వేడి చాలు. 4.6 దాటిన పదార్థంలో బోట్యులినమ్ గింజలు (సిద్ధబీజాలు) గంటల తరబడి మరిగినా చావవు. వాటికి 121 డిగ్రీల దాకా వెళ్లే ఆవిరి ఒత్తిడి, అందుకు తయారైన పెద్ద క్యానర్ కావాలి. గాలి లేని సీసాలో ఆ గింజలు మొలిచి పుట్టించే విషానికి రుచీ వాసనా ఉండకపోవచ్చు. మూత ఉబ్బకపోవచ్చు కూడా. పచ్చి మామిడి, ఉసిరి, నిమ్మ ఆ గీతకు చాలా ఇవతల ఉంటాయి. టమాట సరిగ్గా గీత దగ్గర నిలబడుతుంది. బాగా పండిన కొన్ని తీపి మామిడి రకాలూ ఆ గీత వైపే జరుగుతాయి. బెండ, గోకర, చిక్కుడు, మక్క గింజలు, ఆలుగడ్డ, ఉడికిన పప్పు గీతకు అవతలివి. వీటిని ఇంట్లో సీసాలో పెట్టకూడదు. వంటింటి చిన్న ప్రెషర్ కుక్కర్ క్యానర్‌కు బదులు కాదు. అది చాలా త్వరగా వేడెక్కి, చాలా త్వరగా చల్లారుతుంది. సీసా నడిమధ్య దాకా వేడి చేరిందో లేదో చెప్పే పరీక్షలేవీ దానితో చేసినవి కావు. గోకరకాయకు ఇక్కడ ఒరుగు అనే భద్రమైన దారి ఉండగా సీసా వెంట పడటం అనవసరం.

టమాటను పెట్టే తీరు ఇది. గట్టి, పగుళ్లు లేని, పూర్తిగా పండిన పండ్లను మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి, చన్నీళ్లలోకి తీస్తే తొక్క ఊడొస్తుంది. ముక్కలు కోసి చితుపుతూ ఉడికించి, పొంగు వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచాలి. అర లీటరు సీసా ఒక్కోదానికీ పావు చిన్నచెంచా నిమ్మ ఉప్పు ముందుగానే వేసి ఉండాలి. చెట్టు నిమ్మకాయ రసంలో పులుపు కాయకో తీరుగా ఉంటుంది, నిమ్మ ఉప్పు మాత్రం కొలతకు నిలుస్తుంది. వేడి గుజ్జును వేడి సీసాలో పోసి, మూతి దగ్గర ఒక సెంటీమీటరు పైన ఖాళీ వదిలి, పొడి చెంచాతో అంచున కదిపి గాలి బుడగలు పోనిచ్చి, మూతి తుడిచి మూత పెట్టాలి. అడుగున బట్టో జల్లెడో వేసిన గుండిగలో, సీసాల మీద రెండంగుళాల నీళ్లు నిలిచేలా ఉంచి మరిగించాలి.

ఎంతసేపు? అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చితిపిన టమాట అర లీటరు సీసాకు 35 నిమిషాలు అంటాయి. ఆ అంకె 1,000 అడుగుల లోపు ఎత్తున్న ఊళ్లది. నిజామాబాద్ సముద్రమట్టానికి దాదాపు 390 మీటర్లు, అంటే 1,280 అడుగుల ఎత్తున ఉంది. బోధన్ కాస్త కింద ఉన్నా వెయ్యి అడుగుల పైనే. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది, ఇక్కడ అది 99 డిగ్రీలకు కాస్త ఇవతలే పొంగుతుంది. కాబట్టి ఈ రెండు ఊళ్లలో లెక్క 40 నిమిషాలు. చెన్నైలోనో విశాఖలోనో ఉన్న అక్క చెప్పిన సమయం ఇక్కడ సరిపోదు. నీళ్లు తెర్లుతున్నప్పుడే గడియారం చూసుకోవాలి, మరుగు ఆగితే మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. తీసిన సీసాలను బట్ట మీద పెట్టి ఒక రోజు కదపకుండా వదిలితే, చల్లారే క్రమంలో లోపలి ఆవిరి కుంచించుకుపోయి మూత నడుమ లోపలికి దిగుతుంది. వేలితో నొక్కితే టిక్కుమని ఆడే మూత పట్టనట్టే. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి. జాం, తేనె కొన్నప్పుడు వచ్చిన పాత మూతలు మళ్లీ పట్టవు.

ఎల్లిగడ్డ గురించి ఇంకో మాట. ఉప్పు, పులుపు లేకుండా నూనెలో ముంచి ఉంచిన ఎల్లిగడ్డ రెబ్బలు బోట్యులినమ్‌కు అనువైన చోటు. నేలలో పెరిగే దుంప కాబట్టి గింజలు దానికి అంటుకునే ఉంటాయి, నూనె గాలిని ఆపేస్తుంది. మామిడి తొక్కులో అదే ఎల్లిగడ్డ భద్రంగా ఉండటానికి కారణం కాయ పులుపూ ఉప్పూ. ఒట్టి అల్లం-ఎల్లిగడ్డ ముద్దను నూనె పోసి గట్టు మీద నెలల తరబడి ఉంచే అలవాటు మానుకోవాలి. దాని చోటు ఫ్రిజ్.

నేర్చుకునే చోట్లు, అమ్మకం

వర్ని, బోధన్‌ల దారిలో ఉన్న రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం చాలాకాలంగా ఉంది. ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఆహార విజ్ఞాన, సాంకేతిక కళాశాల కూడా అక్కడే నడుస్తోంది. కేంద్ర ఆహార, పోషకాహార బోర్డు శిక్షణల్లో ఇంటి స్థాయి పండ్లు, కూరగాయల నిల్వ ఒక పాఠంగా ఉండేది. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పచ్చళ్లు, పండ్ల రసాల తయారీకి పద్ధతులు రూపొందించింది. ఊరి మహిళా సంఘాలు తొక్కులు, వడియాలు చేసి అమ్ముతున్నాయి. అమ్మకానికి పెట్టే ఎవరైనా, ఇంట్లో చేసినా సరే, ఆహార భద్రతా సంస్థ నమోదు పొంది, చేసిన తేదీని సీసా మీద రాయాలి. ఇంటికోసం పెట్టుకున్న జాడీకి చట్టం లేదు కానీ, తేదీ రాసిన చీటీ దానికీ కట్టిపెడితే మంచిది. అటక మీద రెండు జాడీలు ఉంటే పాతది ఏదో మరుసటి ఏడాదికి ఎవరికీ గుర్తుండదు.

జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె వచ్చేసరికి ఈ పనంతా ముగుస్తుంది. గంజ్‌లో చివరి ఆమ్‌చూర్ బస్తాలు లారీ ఎక్కుతాయి. మిద్దెల మీద చాపలు చుట్టేసి లోపల పెడతారు. ముసురు పట్టిన మొదటి రోజున, కూరగాయలవాడు రాని పూట, పప్పులోకి గుప్పెడు మామిడి ఒరుగులు దించుతారు.